కాగితం చూసే యజమాని, పని చూసే యజమాని: ఒడిశా సరిహద్దు తెలుగు యువత ఉద్యోగాల లెక్క

పదో తరగతి ఫలితాలు వెలువడిన మర్నాటి నుంచే పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. పిల్లవాణ్ణి ప్లస్ టూలో చేర్పించి డిగ్రీ దాకా చదివించడం మేలా, ఐటీఐలో వేసి ఒక ట్రేడ్ నేర్పించడం మేలా, లేక విశాఖపట్నంలో కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్న మేనమామ వెంట ఇప్పుడే పంపించడం మేలా అన్నది ఆ చర్చ సారాంశం. ఏ పక్షానికైనా సాక్ష్యం వీధిలోనే దొరుకుతుంది. ఎమ్మే పూర్తిచేసి ట్యూషన్లు చెప్పుకుంటున్న అబ్బాయిని ఒకరు చూపిస్తే, చదువు మానేసి ఏళ్ళ తరబడి హెల్పరుగానే మిగిలిపోయిన మనిషిని మరొకరు చూపిస్తారు. రెండూ నిజమే కాబట్టి చదువు గొప్పదా, అనుభవం గొప్పదా అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు దొరకదు. ఏ పనికి, ఏ యజమాని దగ్గర, సరిహద్దుకు ఏ పక్కన అన్న మూడు సంగతులు చేర్చిన తరువాతే ఆ ప్రశ్న జవాబు చెప్పదగినదవుతుంది.

తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టే అంకెతో మొదలుపెడదాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇనిస్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ కలిసి 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో దేశంలోని యువ పట్టభద్రులలో నిరుద్యోగం 29.1 శాతం ఉండగా, చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతం మాత్రమే. సెకండరీ స్థాయి, ఆపైన చదివినవారిలో 18.4 శాతం. పైపైన చూసేవారికి ఇది చదువు మీద తీర్పులా కనిపిస్తుంది. అయితే పని లేకుండా ఉండి పని కోసం వెతుకుతున్నవారినే సర్వేలు నిరుద్యోగులుగా లెక్కిస్తాయన్న సంగతిని మరచిపోకూడదు. కూటి కోసం కోటి విద్యలు అన్నట్టు, అక్షరం రాని కుర్రవాడు ఏ కూలి దొరికితే ఆ కూలికి మర్నాడే వెళ్ళాలి. వెళ్ళకపోతే ఇల్లు గడవదు. డిగ్రీ చదివినవాడికి కనీసం ఒకటి రెండేళ్ళు ఇల్లు అన్నం పెడుతుంది, అందుకే తన చదువుకు తగిన పని కోసం ఆగుతాడు. ఆ 29.1 శాతంలో ఉద్యోగాల కొరత ఎంత ఉందో, ఎదురుచూడగలిగే స్తోమత కూడా అంతే దాగి ఉంటుంది. పైగా స్థిరమైన జీతపు ఉద్యోగంలో కుదురుకున్న తరువాత పట్టభద్రుల సగటు సంపాదన చదువులేనివారికన్నా ఎక్కువగానే ఉంటుంది. చిక్కంతా ఆ కుదురుకునే దాకా గడిచే కాలంలో ఉంది.

చదువు జీతాన్ని ఎందుకు పెంచుతుంది అన్నదానిపై ఆర్థికవేత్తలలో పాత వాదమొకటి ఉంది. గేరీ బెకర్ 1964లో వివరించిన దృష్టిలో చదువు మనిషి సామర్థ్యాన్ని నిజంగానే పెంచుతుంది. యంత్రం మీద పెట్టిన పెట్టుబడి ఉత్పత్తిని పెంచినట్టే మనిషి మీద పెట్టిన పెట్టుబడి అతని పనిని మెరుగుపరుస్తుంది. మైకేల్ స్పెన్స్ 1973లో వేరే కోణం చూపించారు. తన ముందు నిలబడిన అభ్యర్థి ఎంత పనిమంతుడో యజమానికి తెలియదు. కష్టపడి డిగ్రీ పూర్తిచేసినవాడు ఓర్పు, గ్రహణశక్తి ఉన్నవాడై ఉంటాడని ఆ కాగితాన్ని బట్టి అనుకుంటాడు. అంటే తరగతిలో నేర్చుకున్నది పనికిరాకపోయినా డిగ్రీకి ధర పలకవచ్చు. ఈ ఆలోచనకు స్పెన్స్ 2001లో నోబెల్ పురస్కారంలో భాగం పొందారు. జేకబ్ మిన్సర్ 1974లో చదివిన ఏళ్ళు, పనిచేసిన ఏళ్ళు రెండింటినీ ఒకే సూత్రంలో చేర్చి, అనుభవం తొలి ఏళ్ళలో జీతాన్ని వేగంగా పెంచుతుందనీ, పోనుపోను ఆ వేగం తగ్గుతుందనీ చూపించారు. మన చర్చకు స్పెన్స్ మాట ఎక్కువగా పనికివస్తుందని నా అభిప్రాయం. బరంపురంలో నేతపని చేసే దేవాంగుల ఇంటి కుర్రవాడికి మగ్గం ఎంత బాగా వచ్చో ఆ వీధిలో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ అతణ్ణి ఎవరూ సర్టిఫికెట్ అడగరు. అదే కుర్రవాడు విశాఖ దగ్గరి అచ్యుతాపురంలోని కంపెనీ గేటు ముందు నిలబడితే, అతని గురించి చెప్పగలిగింది చేతిలోని కాగితం ఒక్కటే. తెలిసినవారి మధ్య అనుభవం చెల్లుతుంది, తెలియనివారి ముందు సర్టిఫికెట్ చెల్లుతుంది. ఊరు వదిలి వెళ్ళక తప్పని ప్రాంతాలలో కాగితానికి ఇంత బరువు రావడానికి కారణం ఇదే.

అయితే అన్ని పనులకూ ఈ తూకం ఒకటే కాదు. పైపు వెల్డింగ్ చేసేవాడిని పెద్ద ప్రాజెక్టుల కాంట్రాక్టర్లు పనిలోకి తీసుకునే ముందు పరీక్షిస్తారు. నలభై ఐదు డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపుకు అతుకు వేయమని చెప్పి, ఆ అతుకును ఎక్స్‌రే తీసి చూస్తారు. లోపల గాలి బుడగ కనిపిస్తే ఎన్ని సర్టిఫికెట్లున్నా వెనక్కి పంపుతారు, శుభ్రంగా వస్తే ఏ కాలేజీలో చదివావని అడిగేవారే ఉండరు. 6జీ పాసయ్యానని వెల్డర్లు చెప్పుకునే మాట ఈ పరీక్ష గురించే. ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలిచేది మందుల దుకాణం పని. ఇరవై ఏళ్ళు కౌంటరు వెనుక నిలబడి డాక్టరు చీటీలన్నీ చదవగలిగినా, డీఫార్మసీ గానీ బీఫార్మసీ గానీ చదివి రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదైతే తప్ప ఆ మనిషి ఫార్మసిస్టు కాలేడు. ఎలక్ట్రీషియన్ పని ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ఇళ్ళకు వైరింగు చేయడానికి చేతి నైపుణ్యం, నలుగురి నోటి మాట చాలు. కానీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు దగ్గర చట్టబద్ధంగా పనిచేయడానికి రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ కావాలి.

ప్రభుత్వం ఒక్క మార్పుతో ఈ తూకాన్ని అటూ ఇటూ తిప్పిన సందర్భాలూ ఉన్నాయి. రవాణా వాహనాల డ్రైవింగ్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తొలగించడంతో, బండి నడపడం వచ్చి చదువు లేని ఎందరికో తలుపు తెరుచుకుంది. మరోవైపు ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు బీఎడ్ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పడంతో, ఆ ఆశతో బీఎడ్ పూర్తిచేసినవారి సర్టిఫికెట్ విలువ ఒక్క రోజులో తగ్గిపోయింది. ప్రైవేటు బళ్ళలో వారు చెప్పిన పాఠాల అనుభవం అలాగే ఉంది, అర్హతల పట్టికలో మాత్రం వారి వరుస మారింది. కాగితం విలువను నిర్ణయించేది కాగితం సంపాదించినవాడు కాదు కాబట్టి, కోర్సులో చేరే ముందు దాని చివర నిజంగా ఏ ఉద్యోగ ప్రకటనలు ఉన్నాయో చూసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత. కాలేజీ పంచిన కరపత్రం అందుకు ప్రమాణం కాదు.

సరిహద్దులో ఈ లెక్కకు మరో మెలిక పడుతుంది. మహేంద్రతనయ నదికి అవతల ఉన్న పాతపట్నానికీ, ఇవతల ఉన్న పర్లాకిమిడికీ బంధుత్వాలు, సంతలు, సినిమాలు ఒకటే అయినా, 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి సర్టిఫికెట్లు మాత్రం రెండు. ఒడిశా ప్రభుత్వంలోని చాలా పోస్టులకు దరఖాస్తు చేసేవారికి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి. మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా దానికి సమానమైన పరీక్ష రాసి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాణ్ణి బంధువుల ఇంట పెట్టి ఇచ్ఛాపురంలోనో పలాసలోనో తెలుగు మాధ్యమంలో చదివించిన తల్లిదండ్రులు, కొన్నేళ్ళ తరువాత స్వగ్రామంలోని జిల్లా కార్యాలయంలో గుమాస్తా పోస్టు పడినప్పుడు ఈ నిబంధనను మొదటిసారి చదువుతారు. ఇక ఒడిశాలో చదివినవారికి ఆంధ్రలో వేరే ఇబ్బంది ఎదురవుతుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మొదలుకొని అక్కడ స్థానికతను ప్రధానంగా చదివిన చోటును బట్టి నిర్ణయిస్తారు. తాతముత్తాతల నుంచి తెలుగువాడైనా, బరంపురంలో బడికి వెళ్ళిన కుర్రవాడు ఆ లెక్కలో స్థానికేతరుడే. రెండు రాష్ట్రాలూ తమ పిల్లల కోసం పెట్టుకున్న నియమాలు విడివిడిగా చూస్తే సమంజసంగానే ఉంటాయి. గీత మీద నిలబడినవాడికి మాత్రం అవి రెండు వైపుల నుంచీ తగులుతాయి.

అందుకే ఈ జిల్లాలలో రైల్వే, బ్యాంకు వంటి కేంద్ర ఉద్యోగాల మీద మోజు ఎక్కువ. రైల్వే నియామక పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు, ఒడియాలోనూ రాయవచ్చు. ఏ రాష్ట్రంలో చదివావన్న పట్టింపు లేదు. ఆ పరీక్షల కోసం విశాఖలో గది తీసుకుని ఏళ్ళు గడిపేవారి విషయంలో మిన్సర్ సూత్రాన్ని గుర్తుచేసుకోవాలి. అనుభవం జీతాన్ని అత్యంత వేగంగా పెంచే తొలి ఏళ్ళే ఆ గదిలో ఖర్చవుతున్నాయి. కోచింగుకు కట్టిన ఫీజును ఇంట్లో అందరూ లెక్కవేస్తారు గానీ, ఆ కాలంలో నేర్చుకోని పనిని ఎవరూ లెక్కవేయరు. ప్రయత్నమే వద్దని నేను అనడం లేదు. ముగింపు తేదీ ఒకటి పెట్టుకోకుండా మొదలుపెట్టడం మాత్రం ప్రమాదకరం.

అనుభవాన్ని నమ్ముకున్నవారి నష్టం ఇంకో రూపంలో ఉంటుంది. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతోంది. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకుంటూ పదేళ్ళు పనిచేసి తిరిగి వచ్చినవాడికి నిజంగా పదేళ్ళ అనుభవం ఉంటుంది, కానీ దాన్ని రుజువు చేసే ముక్క ఒక్కటి కూడా ఉండదు. నియామక పత్రం లేదు, జీతపు చీటీ లేదు, చేర్చుకున్న మేస్త్రీ ఫోను నంబరు మారిపోయి ఉంటుంది. కొత్త చోట అతను మళ్ళీ కొత్తవాడే. ఈ లోపాన్ని పూడ్చగలిగే సాధనాలలో అందరూ చిన్నచూపు చూసేది భవిష్యనిధి (పీఎఫ్) ఖాతా. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, కాంట్రాక్టరు కింద ఉన్న కార్మికులకు కూడా. 2014 నుంచి ప్రతి సభ్యుడికీ యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంటోంది. ఏ సంస్థలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశాడన్న వివరం దాని కింద నమోదవుతుంది. పెద్ద కంపెనీలు అభ్యర్థి చెప్పిన అనుభవం నిజమో కాదో చూడడానికి ఇప్పుడు ఈ రికార్డునే తిరగేస్తున్నాయి. డబ్బిచ్చి కొన్న ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు దొరికిపోయేదీ ఇక్కడే. చేతికి వచ్చే జీతం తగ్గుతుందని పీఎఫ్ వద్దనే కుర్రవాళ్ళు, పొదుపుతో పాటు తమ అనుభవానికి ఉన్న ఒకే ఒక్క సాక్షిని కూడా వదులుకుంటున్నారు.

చదువు, అనుభవం రెండూ ఒకే కాగితం మీదకు వచ్చే దారి ఒకటి మన దేశంలో 1961 నుంచీ ఉంది. అప్రెంటిస్ చట్టం ప్రకారం ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019లో సవరించిన నియమాలలో కనీస స్టైపెండును పదో తరగతి పాసైనవారికి నెలకు 6,000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి 7,000, డిప్లొమా ఉన్నవారికి 8,000, పట్టభద్రులకు 9,000 రూపాయలుగా నిర్ణయించారు. శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసైన ట్రేడ్ అప్రెంటిస్‌కు జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వేలోనే అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవెల్-1 (అన్నింటికన్నా కింది స్థాయి) ఖాళీలలో 20 శాతం ప్రత్యేకించారు. ఈ ప్రాంతపు యువతకు ఇందులో ఉన్న అవకాశం చిన్నది కాదు. రాయగడ దగ్గర 1962 నాటి జేకే పేపర్ మిల్లు, దామన్‌జోడిలో అల్యూమినియం సంస్థ నాల్కో, సునాబెడాలో మిగ్ విమానాల ఇంజిన్ల కోసం 1964లో నెలకొల్పిన హెచ్‌ఏఎల్ విభాగం, ఛత్రపురంలో అరుదైన ఖనిజాల కర్మాగారం, గోపాల్‌పూర్ రేవు అన్నీ అందుబాటు దూరంలోనే ఉన్నాయి. తుక్కు ఇనుముతో పెద్ద పెద్ద బొమ్మలు నిలిపి పేరు తెచ్చుకున్న బరంపురం ప్రభుత్వ ఐటీఐ ఒకప్పుడు మార్కులు రానివారి మజిలీ అనిపించుకున్నా, ఈనాడు ఆ చూపు మారింది.

అయితే ఈ దారిలోని గుంతలను కూడా చెప్పాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి, కార్మికుడు కాదు. కాబట్టి పీఎఫ్ వంటి హక్కులు ఉండవు, శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం కూడా యజమాని మీద లేదు. ఏటా కొత్త అప్రెంటిస్‌లతో పని వెళ్ళదీసుకునే సంస్థలు లేకపోలేదు. నెలకు ఏడు వేలతో విశాఖలో గది అద్దె, మెస్సు ఖర్చు తీరవు. ఇంటి నుంచి ఎదురు పంపగలిగినవారికే అది శిక్షణ అవుతుంది, పంపలేనివారు మధ్యలోనే వదిలి రోజుకూలికి మళ్ళుతారు. పర్లాకిమిడిలో ఉండి రోజూ పాతపట్నం దాకా వెళ్ళిరాగలిగిన చోట దొరికిన ఆరు వేలకూ, నగరంలో దొరికిన తొమ్మిది వేలకూ తేడాను ఖర్చులు తీసేసి చూస్తే ఫలితం చాలాసార్లు తారుమారవుతుంది. పరిపాలనలోనూ గీత అడ్డంగానే ఉంది. పట్టభద్రుల అప్రెంటిస్ పథకానికి ఒడిశా కోల్‌కతా బోర్డు కిందకు, ఆంధ్రప్రదేశ్ చెన్నై బోర్డు కిందకు వస్తాయి. గుణుపురంలో ఇంజినీరింగు చదివిన అమ్మాయికి సొంత కాలేజీలో ఏర్పాటు చేసే మేళాలు తూర్పు వైపు సంస్థలవే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, విశాఖ సంస్థల ఖాళీలను జాతీయ పోర్టల్‌లో ఆమె తానే వెతుక్కోవాలి.

పని మొదలుపెట్టాక మళ్ళీ చదువు వైపు రావడం కుదురుతుందా అన్న భయం చాలామందిని డిగ్రీ వైపే నెడుతుంది. ఈ భయానికి ఉన్న ఆధారం క్రమంగా తగ్గుతోంది. ఐటీఐ పాసైనవారు పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలోనూ, డిప్లొమా పాసైనవారు బీటెక్ రెండో సంవత్సరంలోనూ చేరే వీలు ఉంది. జాతీయ విద్యావిధానం 2020 డిగ్రీని ఏడాదికో మెట్టుగా విడగొట్టి, మధ్యలో ఆగినవారికి కూడా సర్టిఫికెట్ దక్కేలా చూడమంది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ పని అనుభవానికి సైతం క్రెడిట్లు, అంటే చదువు లెక్కలో చేరే పాయింట్లు, ఇవ్వవచ్చని ఒప్పుకుంది. నిజానికి ఈ నేలకు ఇది కొత్త పద్ధతి కాదు. గిడుగు రామమూర్తి మెట్రిక్యులేషన్‌తోనే 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బీఏ పూర్తిచేశారు. ఆయనకు పేరు తెచ్చిన సవర భాషాధ్యయనానికి ఏ డిగ్రీ ఆధారం కాదు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్న ఫలితం అది. అయినా ఆయన బీఏ వదిలిపెట్టలేదన్నది కూడా గమనించవలసిన విషయమే. ముందు పని, వెనుక చదువు అన్న క్రమం అందరికీ నప్పదు. పెళ్ళి తరువాత అడ్డంకులు పెరిగే ఆడపిల్లల విషయంలో చదువును వాయిదా వేయడమంటే చాలా ఇళ్ళలో ఆపేయడమే కాబట్టి, వారికి నేను ఈ సలహా ఇవ్వను.

చేతిలో పని ఉండి కాగితం లేనివారి కోసం 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనతో పాటు వచ్చిన పూర్వ నైపుణ్య గుర్తింపు ఉంది. స్వల్పకాలపు శిక్షణ, ఆపై ఒక మదింపు, దాని మీద సర్టిఫికెట్. ఆలోచన మంచిదే. ఆ సర్టిఫికెట్ చూసి జీతం పెంచే యజమానులు ఇంకా తయారుకాలేదు, అంతవరకు దాని విలువ పరిమితం.

సరిహద్దు యువత దగ్గర ఉండి, ఏ బోర్డూ సర్టిఫికెట్ ఇవ్వని అనుభవం ఇంకొకటి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ, గజపతి, రాయగడ కొండల దగ్గర పెరిగినవారికి కొంత సవర, కుయి అనే గిరిజన భాషలు కూడా. కొరాపుట్, రాయగడ, గంజాం జిల్లాల నుంచి వైద్యానికి విశాఖ వెళ్ళే రోగులు తమ బాధను ఒడియాలో చెప్పుకుంటారు. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వచ్చే తెలుగువారు తెలుగులో చెప్పుకుంటారు. ఆసుపత్రి కౌంటర్లు, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, మందుల కంపెనీల రిప్రజెంటేటివ్ ఉద్యోగాలు, రెండు రాష్ట్రాల కూలీలు కలిసి పనిచేసే నిర్మాణ స్థలాల్లో సూపర్‌వైజర్ పని, ఇవన్నీ ఇద్దరికీ అర్థమయ్యే మనిషి కోసం వెతికే చోట్లే. హైదరాబాదులో చదివిన పట్టభద్రుడికి ఈ సామర్థ్యం ఉండదు, భువనేశ్వర్‌లో చదివినవాడికీ ఉండదు. మన పిల్లలు మాత్రం బయోడేటాలో దాన్ని తెలిసిన భాషలు అన్న గడిలో, అన్నింటికన్నా కింద, హిందీ తరువాత రాస్తున్నారు. కొత్త యజమాని మొదటి అర నిమిషంలో చదివేది పై నాలుగు వరుసలే కాబట్టి, మార్కుల శాతం కన్నా ముందు అది అక్కడ ఉండాలి.